ఏడో రాయి దగ్గర కుళాయి

కిందటి వారం అడుగులమ్మను ఆస్పత్రి వరండాలో వదిలిపెట్టాం. ఆమె ఒళ్ళో రెండు పుస్తకాలున్నాయి. రెండూ ఈ దేశం చూడటానికి వచ్చే పరదేశీయుల కోసం అచ్చయినవే. విమానం దిగాక టాక్సీ ఎక్కడ దొరుకుతుంది, సిమ్ కార్డుకి ఏ కాగితాలు చూపించాలి, ఏ దారిలో నడవచ్చు, ఏ దారిలో నడవకూడదు, అన్నీ వాటిలో ఉంటాయి. ఒకటి ఆమె మావయ్య అచ్చేసేది. రెండోది దాన్ని మక్కికి మక్కీ దించి సగం ధరకు అమ్మేవాళ్ళది. మొదటిదాన్ని అసలు పుస్తకమనీ, రెండోదాన్ని నకలు పుస్తకమనీ అనుకుందాం.

లోపల వార్డులో ఒక పరదేశి మాస్టారు సెలైన్ మీద ఉన్నాడు. గట్టుదారిలో ఏడో కిలోమీటరు రాయి దగ్గర పడిపోయి ఉంటే రోడ్డు పనివాళ్ళు మోసుకొచ్చారు. ఆయన సంచిలో ఖాళీ సీసా ఒకటి, నకలు పుస్తకం ఒకటి దొరికాయి. నూట పన్నెండో పేజీలో ఇలా ఉంది: "ఏడో రాయి దగ్గర మంచినీటి కుళాయి ఉంది. సీసా ఇక్కడ నింపుకోవచ్చు." అక్కడ కుళాయి లేదు. తమకు తెలిసి ఎన్నడూ లేదని పనివాళ్ళు చెప్పారు. అడుగులమ్మ తన సంచిలోంచి అసలు పుస్తకం తీసి అదే పేజీ తిప్పింది. అదే మాట ఉంది. పేజీ అడుగున ఆమె పొట్టి సంతకం ఉంది.

ఆ సంతకమే ఆ పుస్తకానికి పెట్టుబడి. నడకదారుల పేజీలన్నిటి కిందా "నడిచి చూశాను" అన్న ఒక్క ముక్కా, ఆమె పొట్టి సంతకమూ ఉంటాయి. పందొమ్మిదేళ్ళుగా ఆమె పని నడవడం. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది, కనిపించినదాని పక్కన అడుగుల లెక్క రాస్తుంది. అందుకే ఆ పేరు. ఇంట్లో కూడా అదే పేరుతో పిలుస్తారు. వంటింటి నుంచి వీధి తలుపు దాకా ఎన్ని అడుగులో అడక్కుండానే చెబుతుందని చెల్లెలు వెక్కిరిస్తుంది.

గురువారం ఉదయం తొమ్మిదింటికి ఆమె ఆఫీసు మెట్లెక్కింది. ఇరవై రెండు మెట్లు. చంకలో కాగితాల కట్ట ఒకటి ఉంది.

మావయ్య గదిలో ఆయన ఒక్కడే లేడు, లాయరు కూడా ఉన్నాడు. నకలు పుస్తకం మీద వేసిన కేసు సోమవారం విచారణకు వస్తోంది. బల్ల మీద ఫైళ్ళు పరిచి ఉన్నాయి. వాటి పక్కన అట్టలు అరిగిన ఆమె అడుగుల పుస్తకాలు ఏడు దొంతరగా ఉన్నాయి. ముద్రణ పూర్తవగానే వాటిని బీరువాలో పెట్టి తాళం వేయడం ఆ సంస్థలో ఆనవాయితీ. కోర్టులో చూపించడానికి లాయరు బయటికి తీయించాడు.

"రా అమ్మాయ్, కూర్చో," అన్నాడు మావయ్య.

"నిలబడే మాట్లాడతాను మావయ్యా. కూర్చుంటే మీరు కాఫీ తెప్పిస్తారు. మీ కాఫీ తాగాక మీ మాట కాదనడం నాకు చేతకాదు."

"అంటే కాదనడానికే వచ్చావన్నమాట."

"అవును."

చంకలో కట్ట బల్ల మీద పెట్టింది. పైనున్న కాగితం లాయరు తీసి చదివాడు. అరచేయంత చీటీ అది. "సవరణ. నూట పన్నెండో పేజీ. గట్టుదారిలో ఏడో రాయి దగ్గర కుళాయి లేదు. పదకొండు కిలోమీటర్లలో ఎక్కడా నీళ్ళు లేవు, నీడ లేదు. మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్ళండి. ఉదయం ఏడు దాటితే బయల్దేరకండి." కింద అదే సమాచారం మరో మూడు భాషల్లో ఉంది.

"ఎక్కడ వేయించావ్?" అన్నాడు మావయ్య.

"శుభలేఖలు వేసే ఆయన దగ్గర. మన ప్రెస్‌లో వేయిస్తే మీకు తెలిసిపోతుందని."

మావయ్య లేచి చీటీల కట్టని సొరుగులో పడేసి తాళం వేశాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా ఆ జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"సోమవారం దాకా ఆగు. నాలుగు రోజులు. తర్వాత నేనే అంటిస్తాను, గోదాములో ఉన్న ప్రతి పుస్తకానికీ."

"సీజన్లో గట్టుదారికి రోజుకి ముప్పై మంది వెళతారు. నాలుగు రోజులంటే నూట ఇరవై మంది. మీకు ఆగమని చెప్పడం తేలిక. దాహానికి ఎవరు చెబుతారు ఆగమని?"

"మేడమ్, ఒక్క మాట," లాయరు కలగజేసుకున్నాడు. "ఆ మాస్టారి చేతిలో ఉన్నది నకలు పుస్తకం. లేని కుళాయి వాళ్ళ పుస్తకంలోకి ఎలా వచ్చింది? మన పుస్తకం చూసి రాశారు కాబట్టి. నిజంగా నడిచి ఉంటే లేదని తెలిసేది. ఆ రకంగా చూస్తే ఇది మనకి..."

"చెప్పండి. మనకి? కలిసొచ్చిందా?"

"సాక్ష్యం అంటున్నాను."

"ఆ సాక్ష్యానికి అరవై నాలుగేళ్ళు. నిన్న సాయంత్రం దాకా తన పేరు తనకి గుర్తు రాలేదు."

లాయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అడుగులమ్మ మావయ్య వైపు తిరిగింది.

"అసలు సంగతి నేనే చెబుతాను. ఆ కుళాయి దిష్టిచుక్క. అవునా కాదా?"

ఈ దిష్టిచుక్క సంగతి తెలియకపోతే ఈ గొడవ అర్థం కాదు. పసిపిల్ల బుగ్గ మీద నల్లచుక్క పెట్టినట్టు, పుస్తకం ప్రతి ముద్రణలోనూ ఒక అబద్ధం పెడతారు. లేని మెట్టు, లేని సందు, లేని గంట. ఎవరైనా పుస్తకం దించితే ఆ అబద్ధం కూడా దిగుతుంది, దొంగ దొరుకుతాడు. ఆ అబద్ధం ఏదో ఒక్కరికే తెలుస్తుంది. ఆ ఒక్కరూ ఇరవై ఎనిమిదేళ్ళు ఆఫీసులో పటాలు గీసిన ముసలాయన. అందరూ పటాల తాత అనేవారు. అడుగులమ్మ సంతకం అయ్యాకే, ఆమెకి చెప్పకుండానే ఆయన దాన్ని చేర్చేవాడు. చెబితే కొట్టేస్తుంది కదా. తర్వాత ఆ అబద్ధాన్ని రెండు కాగితాల మీద రాసి, రెండు కవర్లలో పెట్టి, లక్క ముద్ర వేసి లాయరుకి ఇచ్చేవాడు. కేసు వేశాక ఒక కవరు కోర్టుకు వెళ్ళింది. రెండోది లాయరు దగ్గరే ఉంది. తాత పోయి ఎనిమిది నెలలైంది.

"అదే అనుకుంటున్నాను నేను కూడా," అన్నాడు మావయ్య. "నువ్వు రాసి ఉండవు. లేనిదాన్ని ఉందని నువ్వు రాయవు."

"రాయను. కానీ నా సంతకం కింద పెట్టారు. పందొమ్మిదేళ్ళుగా నా సంతకం కింద మీరు ఏదో ఒకటి పెడుతూనే ఉన్నారు, నేను నోరెత్తలేదు. ఎందుకో తెలుసా? దిష్టిచుక్క వల్ల ఎవరి కాలూ నొవ్వకూడదని తాత నాకు మాటిచ్చాడు. ఆ మాట తప్పాడు. చచ్చిపోయాడు కాబట్టి ఆయన్ని దులపలేను. మిమ్మల్ని దులుపుతాను."

"నీ చిన్నప్పుడు నీకు సైకిలు నేర్పింది నేనే. అది గుర్తుందా, దులపడమే గుర్తుందా?"

"రెండూ గుర్తున్నాయి. సైకిలు మీంచి పడితే, పడ్డానని అమ్మకి చెప్పొద్దన్నది కూడా మీరే."

లాయరుకి నవ్వొచ్చింది. మావయ్య చూపు తగలగానే ఆపుకున్నాడు.

"ఆ కవరు విప్పండి," అంది అడుగులమ్మ.

"సోమవారం జడ్జి గారు విప్పుతారు మేడమ్."

"అది కోర్టు కవరు. మీ సంచిలో ఉన్నది మనది. సోమవారం నేను బోనెక్కి ఆ దారి నడిచానని ప్రమాణం చెయ్యాలంటున్నారు కదా. ఏం ప్రమాణం చేస్తున్నానో నాకు తెలియాలి. విప్పకపోతే నేను రాను. ఆ సంతకం నాది కాదని చెబుతాను."

మావయ్య చెయ్యి జేబు మీంచి తీసి లాయరుకి సైగ చేశాడు.

లక్క విరిగింది. లోపల ఒకే కాగితం ఉంది. తాత రాత అందరికీ తెలుసు. పటం మీద ఊళ్ళ పేర్లు రాసినట్టు, అక్షరానికీ అక్షరానికీ మధ్య జాగా వదిలి రాసేవాడు. లాయరు పైకి చదివాడు.

"యాభై ఎనిమిదో పేజీ. మ్యూజియం వెనక తోట. ఉత్తరం గోడ పక్కన కూర్చునే బల్ల ఉందని రాశాను. ఆ తోటలో బల్లలు ఆరే. ఏడోది నేను వేసింది. దానికోసం వెతికేవాళ్ళకి అది దొరకదు. మిగిలిన ఆరింటిలో ఏదో ఒకదాని మీద కూర్చుంటారు. ఎవరి కాలూ నొవ్వదు."

లాయరు నకలు పుస్తకం తీసి యాభై ఎనిమిదో పేజీ చూశాడు.

"బల్ల ఉంది," అన్నాడు. "అదే గోడ పక్కన. మేడమ్, ఇంకేం కావాలి, కేసు గెలిచినట్టే. కుళాయితో మనకి పనే లేదు."

అడుగులమ్మ ఆ మాట వినలేదు. తాతని తిట్టిన తిట్టు ఆమె నోట్లోనే ఉంది. బల్ల మీద దొంతరలోంచి నాలుగో అడుగుల పుస్తకం లాగింది. గట్టుదారి ఎక్కడుందో ఆమెకు వెతకనక్కర్లేదు.

సున్నా అడుగుల దగ్గర, ఎడమ పక్క టీ కొట్టు. మొదటి రాయి, వెయ్యిన్ని నాలుగు వందల పన్నెండు అడుగులు. ఎడమ పక్క టీ కొట్టు. రెండో రాయి, అడుగులు. మూడు, నాలుగు. ఐదో రాయి, అడుగులు, పక్కన కంకర గుట్ట, జీపు వచ్చే దారి. అక్కడితో అంకెలు ఆగిపోయాయి. కింద నాలుగు వరుసలున్నాయి. ఆరో రాయి. ఏడో రాయి, మంచినీటి కుళాయి. తొమ్మిదో రాయి, దిగుడు. పదకొండు, బస్సు స్టాపు. రాత ఆమెదే. వాటి పక్కన అడుగుల లెక్క లేదు.

చూసినదాని పక్కన అడుగుల లెక్క రాయకుండా ఆమె ఏనాడూ ఉండలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఐదో రాయి దగ్గర ఉండగా చెల్లెలు ఫోన్ చేసింది. అమ్మ స్నానాల గదిలో జారి పడిందని, తుంటి విరిగిందని. అక్కణ్ణించే వెనక్కి తిరిగింది. తర్వాత మూడు వారాలు ఆస్పత్రి. పుస్తకం ప్రెస్‌కి వెళ్ళే రోజు దగ్గర పడింది. వార్డు బయట మెట్ల మీద కూర్చుని నీటి సరఫరా ఆఫీసుకి ఫోన్ చేసింది. గుమస్తా రిజిస్టరు చూసి, ఏడో కిలోమీటరు దగ్గర కుళాయి ఒకటి ఉందండి, పోయిన ఏడాదే మంజూరైంది అన్నాడు. ఆమె రాసుకుంది. తర్వాత పోయి నడవాలనుకుంది. అమ్మ లేచి నడిచింది గాని తను ఆ దారి నడవలేదు. పేజీ వచ్చింది, సంతకం పెట్టింది.

పుస్తకం అలాగే తెరిచి మావయ్య ముందు పెట్టింది.

"ఈ దారి నేను సగమే నడిచాను," అంది.

మావయ్య చదివాడు. చదవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. లెక్క లేదంటే అక్కడ ఆమె నడవలేదనేనని ఆయనకీ తెలుసు. పుస్తకం మూసి దొంతరలో, అడుగున పెట్టాడు.

"ఇది నేను చూడలేదు," అన్నాడు. "లాయరు గారూ, మీరూ చూడలేదు."

"నేను కళ్ళజోడు తుడుచుకుంటున్నాను," అన్నాడు లాయరు.

"విను అమ్మాయ్. అప్పుడు మీ అమ్మ ఆస్పత్రిలో ఉంది. ఎవరైనా అంతే చేస్తారు. కేసు ఆ తోటలో బల్ల మీద నడుస్తుంది, కుళాయి ఊసెత్తేవాడు లేడు. రేపు ఎవడైనా పత్రికవాడు అడిగితే, అది పటాల తాత పెట్టిన దిష్టిచుక్క అంటాం. పొద్దుట్నుంచీ నువ్వూ అదే అనుకున్నావు కదా. లోకం కూడా అనుకుంటుంది. ఆయనకి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. బాధపడేవాళ్ళు ఎవరూ లేరు."

అడుగులమ్మ అప్పుడు కూర్చుంది. గదిలోకి వచ్చాక అదే మొదటిసారి.

"నేనున్నాను కదా మావయ్యా."

"నీకోసమే చెబుతున్నాను. నీ సంతకం పోతే నీకేం మిగులుతుంది? పందొమ్మిదేళ్ళు. కాళ్ళు అరగదీసుకున్నావు. ఒక్క పేజీ కోసం అంతా నీళ్ళపాలు చేస్తావా?"

"నీళ్ళే లేవు కదండీ అక్కడ."

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వలేదు.

"ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు అబద్ధాలు రాశాడు, ఒక్కటీ ఎవరికీ తగల్లేదు. నేను ఒక్కటి రాశాను, మనిషి పడిపోయాడు. నా తప్పు తీసుకెళ్ళి ఆయన నెత్తిన పెట్టమంటున్నారు. పెట్టను. మీరు నన్ను పెంచారు, ఉద్యోగం ఇచ్చారు. అయినా పెట్టను. ఆ సొరుగు తాళం తియ్యండి."

"తియ్యను."

"సరే. ఆ సొరుగులో ఉన్నవి నలభై. నేను వేయించినవి ఆరు వందలు."

మావయ్య చెయ్యి మళ్ళీ జేబు మీదికి వెళ్ళింది.

"మిగతావి పొద్దున్నే బస్సు కండక్టరు చేతికిచ్చాను. దారిలో పుస్తకాల కొట్లన్నిటికీ తలా ఒక కట్ట. పదకొండింటికి బస్సు గట్టుదారి మొదట్లో టీ కొట్టు దగ్గరికి చేరుతుంది. ఆపాలంటే బస్సు వెంట పరిగెత్తండి."

ఆమె సంచిలోంచి ఒక్క చీటీ తీసింది. పెన్ను అడక్కుండా లాయరు జేబులోంచే లాక్కుంది. అచ్చు అయిన వరుసల కింద రాసింది: "ఈ తప్పు నాది. ఈ దారి ఐదో రాయి దాకానే నడిచాను. మొత్తం నడిచానని సంతకం పెట్టాను." కింద మాత్రం పొట్టి సంతకం పెట్టలేదు. ఇంటి పేరుతో సహా పూర్తి పేరు రాసింది. చీటీని బల్ల మీద గాజు పలక కింద, అందరికీ కనిపించేలా దూర్చింది.

"సోమవారం ఇది చెబుతాను. గెలిస్తే గెలవండి, ఓడితే ఓడండి."

"అది చెబితే ఈ గుమ్మం మళ్ళీ తొక్కొద్దు," అన్నాడు మావయ్య. గొంతు పెంచలేదు. "నా చెల్లెలి కూతురివని కూడా చూడను."

"చూడకండి."

ఫోన్ మోగింది. ఆమెదే. టీ కొట్టు ఆవిడ. పొద్దుటి నుంచి అడుగులమ్మ రెండుసార్లు చేస్తే తీయలేదు, ఇప్పుడు తిరిగి చేస్తోంది.

"ఏంటక్కా, రెండుసార్లు చేశావు? గిరాకీ ఎక్కువైంది, వినబడలేదు."

"పదకొండింటికి బస్సులో చీటీలు వస్తాయి. ఒకటి గోడకి అంటించు. అప్పటిదాకా ఎవర్నీ పైకి పోనివ్వకు."

"పోనివ్వకపోవడం ఏంటి, పోయారుగా. పెద్ద గుంపు. ఎనిమిదిన్నరకి బస్సు మాట్లాడుకుని దిగారు. ఇరవై ముగ్గురు. అందరూ మీ అమ్మ వయసువాళ్ళే, ఇద్దరైతే చేతికర్రలతో ఉన్నారు."

అడుగులమ్మ గోడ గడియారం చూసింది. పది కావడానికి పది నిమిషాలు.

"నీళ్ళున్నాయా వాళ్ళ దగ్గర?"

"తలా రెండు సీసాలు. ఇంకో రెండు కొనుక్కోండమ్మా, ఎండ చూడండి అన్నాను. కొనకపోగా ఏం చేశారో తెలుసా? తలా ఒక సీసా నా కొట్టు ముందే మొక్కల్లో పారబోశారు. బరువెందుకంట. ఒకావిడ పుస్తకం తీసి నాకే చూపించింది. ఏడో రాయి దగ్గర నింపుకుంటారంట. నీ పుస్తకమే అక్కా. అట్ట మీద గుర్తు చూశాను."

అడుగులమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే గోడ వైపు నడిచింది. మావయ్య జీపు తాళాలు మేకుకి వేలాడుతున్నాయి. తీసుకుంది. ఆయన లేచాడు. వద్దనడానికో, వస్తాననడానికో ఆమె ఆగి చూడలేదు. గుమ్మం దాటి మెట్లు దిగింది. మెట్లు లెక్కపెట్టలేదు.

జీపు ఐదో రాయి దాకానే పోతుంది. అక్కణ్ణించి నీళ్ళ డబ్బాలు మోసుకుని నడవాలి. ఏడో రాయికి అక్కణ్ణించి ఎన్ని అడుగులో ఆమె పుస్తకంలో లేదు.